ఉప్పును అన్నమును: ఒక పథ్యచరిత్ర



రక్తపుపోటు గలవారిని వరియన్నమే ముఖ్యముగా తినుడని కట్టడిచేసి ఆ పోటును దించిన వైద్యుడొకడు అమెరికాలో నుండెను. వరిని గోధుమను చక్కెరను ముట్టవలదని కట్టడిచేసి అదే పోటును దించిన వైద్యులును ఆ దేశముననే కలరు. ఒకరు తినుమన్నదానిని మఱియొకరు మానుమన్నారు. రెండు చోట్లను రోగి కుదుటబడినాడు. ఇందులో నెవరో యొకరు పొరబడియుండవలెనని మనకు తోచును. విచారించి చూడగా ఇరువురి పథ్యములలోను పనిచేసినది చాలవఱకు ఒక్క పదార్థమే యని తేలినది. అది ఉప్పు. మొదటివాడు ఉప్పును లోనికి రానీయలేదు. రెండవవారు, తొలుత తమకే తెలియకుండ, లోనున్న ఉప్పును వెలికి పంపిరి. ఈ సంగతి స్పష్టపడుటకు వైద్యలోకమునకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ కథను నేడు మీకు విన్నవింపదలచినాను.

నేను వైద్యుడను కాను. ఉన్నతపాఠశాలలో ఆంధ్రమును సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అయినను ఈ విషయము నెత్తుకొనుటకు కారణము కలదు. కొన్నియేండ్లుగా మన పల్లెలలో నా యీడువారును నాకంటె పెద్దలును పలువురు, మధుమేహమునకో స్థూలకాయమునకో వెఱచి, అన్నము మానుచున్నారు. మానుట మంచిదా కాదా యను వాదములోనికి నేను దిగను. మేలుపొందినవారిని చూచితిని, వేసారి మరల అన్నమునకు వచ్చినవారినిని చూచితిని. కాని వీరిలో అనేకులు అంతకుముందే రక్తపుపోటునకు మాత్రలు మ్రింగుచున్నవారు. ఆహారము మార్చితిమని వైద్యునితో చెప్పరు. మాత్రలు మాత్రము ఎప్పటివలెనే మ్రింగుదురు. పదిదినములకు, తెల్లవారుజామున మంచము దిగి నిలుచుండగనే కన్నులకు చీకట్లు క్రమ్మును. రాత్రులందు పిక్కలు పట్టుకొనును. తలనొప్పి, నీరసము, గుండెదడ తోడగును. ఇంటివారు వయసు మీఱినదని సరిపెట్టుకొందురు. అందు వయసు తప్పు కొంచెము. ఉప్పులెక్క తప్పు విశేషము.

ఉప్పునుగూర్చి మన పూర్వులు ఎఱుగనివారు కారు. చరకసంహితయందు విమానస్థానము మొదటి యధ్యాయమున, మితిమీఱి వాడరాని పదార్థములు మూడు చెప్పబడినవి: పిప్పలి, క్షారము, లవణము. పాలలోగూడ ఉప్పు కలిపి త్రాగు బాహ్లికులను, సౌరాష్ట్రులను, సైంధవులను, సౌవీరులను అచ్చట దేశముపేరుతో చెప్పి, అట్టి వాడుకవలన దేహమునకు గ్లానియు శైథిల్యమును కలుగునని హెచ్చరించినారు. ప్రమేహరోగులకు యవధాన్యమును ప్రశస్తమని చెప్పినదియు ఆ గ్రంథమే. అనగా ధాన్యమును మార్చుట, ఉప్పును తగ్గించుట, ఈ రెండు ఉపాయములును మన వైద్యమున నున్నవి. రెంటికిని నడుమనున్న ముడి మాత్రము అప్పటికి లోకమున నెవరికిని తెలియదు. ఇట్లనుటలో పూర్వులయెడ అగౌరవము లేదు. ముడి కంటబడవలెనన్న ముందుగా రక్తపుపోటును కొలుచు సాధనము ఉండవలెను గదా!

ఆ సాధనము చరిత్ర స్వల్పము. 1733 లో స్టీఫెన్ హేల్సు అను ఆంగ్లేయ మతాచార్యుడు, గుఱ్ఱముయొక్క రక్తనాళమున గొట్టము నమర్చి, దానికి నిలువుగా గాజుగొట్టమును తగిలించి చూడగా రక్తము ఎనిమిది అడుగులకు పైగా ఎగసి నిలిచినదని ప్రకటించెను. మనుష్యునియందు అట్లు చేయరాదు. 1896 లో ఇటలీదేశస్థుడు రీవా రోచి చేతికి చుట్టు గాలిపట్టీని కల్పించెను. 1905 లో రష్యావాడైన కొరొట్కోవు ఆ పట్టీక్రింద చెవిగొట్టమునుంచి నాడీధ్వని వినుట నేర్పెను. పై అంకె, క్రింది అంకె అని మనము చెప్పుకొను రెండంకెలు అప్పటినుండి వచ్చినవి.

కొలత చేతికి వచ్చిన వెంటనే ఉప్పుపై అనుమానము పుట్టినది. 1904 లో పారిసు నగరమున అంబార్, బోజార్ అను ఇద్దఱు వైద్యులు, రోగుల ఆహారములో ఉప్పు హెచ్చించినప్పుడు పోటు హెచ్చుటయు, తగ్గించినప్పుడు తగ్గుటయు గమనించి వ్రాసిరి. పిమ్మట అమెరికాలో ఫ్రెడరికు ఆలెను అను వైద్యుడు బయలుదేరెను. ఈయన చరిత్ర విచిత్రమైనది. ఇన్సులిను ఇంకను లేని కాలమున, మధుమేహరోగులచేత ఉపవాసములు చేయించి, పిండిపదార్థములను మిక్కిలి తగ్గించి, వారి ప్రాణమును కొంతకాలము నిలిపినవాడు ఈయనయే. రోగులు ఎముకలగూడులై పోయెడివారు. కాని మఱియొక దారి లేదు. ఆయనయే 1920 ప్రాంతమున రక్తపుపోటు రోగులకు ఉప్పు మాన్పింప మొదలిడెను. పిండిని తగ్గించు విద్యయు ఉప్పును తగ్గించు విద్యయు ఒకే వైద్యుని రెండుచేతులలో నుండెను. ఆ రెండు చేతులును కలియుటకు ఇంకను నలువదియేండ్లు పట్టవలసియుండెను.

ఇక అన్నముతో పోటును దించిన వైద్యుని మాట. ఆయన పేరు వాల్టరు కెంప్నరు. జర్మనీలో జన్మించి, హిట్లరు ప్రభుత్వకాలమున 1934 లో అమెరికా చేరి, ఉత్తర కరొలైనా రాష్ట్రమున డ్యూకు విశ్వవిద్యాలయమున కుదురుకొనెను. ఆ దినములలో తీవ్రమైన రక్తపుపోటునకు మందు లేదు. గొప్పవాడనక బీదవాడనక అందఱిని అది ఒక్కతీరుగనే చూచెను. 1945 ఏప్రిలు 12 వ తేదీన అమెరికా అధ్యక్షుడు రూజువెల్టు మెదడులో రక్తనాళము చిట్లి మరణించినప్పుడు ఆయన పోటు మూడువందలు దాటబోవుచుండెను. అంతటి దేశాధిపతికిని వైద్యులు చేయగలిగినది అత్యల్పము.

కెంప్నరు 1939 లో తన పథ్యమును ప్రారంభించెను. రోజునకు పావుకిలోకు మించిన బియ్యము, పండ్లు, పండ్లరసములు, చక్కెర. అంతే. ఉప్పు లేదు, పాలు లేవు, మాంసము లేదు, నూనె లేదు. రోజుమొత్తమునకు లోనికి పోవు సోడియము 150 మిల్లీగ్రాములు మించదు. ఒక గ్రాము ఉప్పులో సోడియము సుమారు 400 మిల్లీగ్రాములు గనుక, ఇది అరగ్రాము ఉప్పునకైనను సమము కాదు. మూత్రపిండములకు శ్రమ తగ్గింపవలెనని ఆయన మొదటి తలంపు. అన్నమునందు మాంసకృత్తులు తక్కువ; స్వతస్సిద్ధముగా సోడియము దాదాపు లేనేలేదు. ఇట్టి చప్పిడి పథ్యమును మనుష్యుడు చిరకాలము ఓర్వలేడని యెంచి ఆయన కొలదిదినములే విధించెడివాడు.

1942 లో ఒక స్త్రీ, మూత్రపిండముల వ్యాధితో వచ్చినది. రెండు వారములు ఈ పథ్యము చేసి మరల రమ్మని ఆయన చెప్పెను. ఆయన ఉచ్చారణలో జర్మను యాస దట్టముగా నుండుటచే ఆమె రెండు మాసములని వినినదట. రెండు మాసములు వట్టి అన్నము, పండ్లు తిని తిరిగి వచ్చినది. చూడగా ఆమె రక్తపుపోటు దిగినది, ఉబ్బిన గుండె చిన్నదైనది, కంటిలోపలి రక్తస్రావములు మానినవి. అప్పటినుండి కెంప్నరు ధైర్యము చేసి మాసములతరబడి ఈ పథ్యము నడపెను. ఆయన 1944 లో ఫలితములు ప్రకటించినప్పుడు, ఛాయాపటములను చూచిన వైద్యులు తమ కన్నులను నమ్మలేకపోయిరి. ఇందులో పనిచేసినది చాలవఱకు సోడియము లేమియే యని తరువాతి పరిశోధకులు నిర్ణయించిరి.

ఇది విని మనవారు, అన్నము తినుటవలన పోటు దిగునట అని సంతోషింపరాదు. కెంప్నరు పెట్టిన అన్నము వేఱు, మనము తిను అన్నము వేఱు. మన విస్తరిలో అన్నము ఒంటరిగా రాదు. ఆవకాయ, పప్పు, పచ్చడి, చారు, అప్పడము, చివరకు ఉప్పుకలిపిన మజ్జిగ, ఇన్నిటిని వెంటబెట్టుకొని వచ్చును. వీనిలో నొక్కొక్కటియు ఉప్పుబస్తాకు చుట్టమే. మన దేశమున ఉప్పు శరీరములోనికి ప్రవేశించునది అన్నము అను బండి యెక్కియే. ఈ మాట మీరు జ్ఞాపకముంచుకొనుడు. దీనితో ముందు పని యున్నది.

ఇప్పుడు రెండవ త్రోవ చూతము. లండనులో విలియము బాంటింగు అను వృద్ధుడుండెను. రాజకుటుంబమువారి అంత్యక్రియలకు ఏర్పాటులు చేయు వ్యాపారము ఆయన వంశమువారిది. అయిదడుగుల అయిదంగుళముల మనిషి; 1862 ఆగస్టులో తూకము 202 పౌనులు. వంగి బూటుముడి వేసికొనలేడు. మెట్లు దిగవలెనన్న వెనుకకు తిరిగి మెల్లగా దిగవలెను. చెవుడు కూడ తోడుకాగా విలియము హార్వే అను చెవివైద్యునికడకు పోయెను. హార్వే పారిసులో క్లాడు బెర్నారు అను మహాశాస్త్రజ్ఞుని ఉపన్యాసములు వినివచ్చినవాడు. ఆయన చెవిని మాత్రమే చూడక మనిషినంతను చూచి, రొట్టె, చక్కెర, పాలు, వెన్న, బీరు, ఉర్లగడ్డ మానుమనెను. బాంటింగు 46 పౌనులు తగ్గెను. 1863 లో తన యనుభవమును చిన్న పుస్తకముగా తన ఖర్చుపై అచ్చొత్తించి జనులకు పంచెను. పిమ్మట 81 వ యేట, 1878 లో కాలధర్మము నొందెను. స్వీడను దేశముమాటలో నేటికిని పథ్యము చేసి బరువు తగ్గుటను ఆయన పేరుతోనే చెప్పుదురు. 1921 లో ఇన్సులిను కనుగొన్నవారిలో నొకడైన కెనడావైద్యుడును బాంటింగే; ఆయన ఫ్రెడరికు, ఈయన విలియము. ఒకరు పిండిపదార్థముల చేటును, మఱియొకరు దాని మందును లోకమునకు తెలిపిరి. పేరులు కలియుట పండితులకు వినోదము గనుక చెప్పితిని.

బాంటింగుకాలమున చేతిపట్టీ లేదు గనుక ఆయన రక్తపుపోటు ఏమైనదో చెప్ప వీలులేదు. అది తెలిసినది 1928 లో. స్టెఫాన్సను అను యాత్రికుడు ఉత్తరధ్రువప్రాంతమున ఇన్యూట్ జనులతో ఏండ్లకొలది నివసించి, అచ్చట ధాన్యము, కూర యెఱుగక మాంసము, చేపలు మాత్రమే తిని ఆరోగ్యముగా నున్నానని చెప్పగా పలువురు నవ్విరి. అంతట ఆయనయు, ఆండర్సను అను సహచరుడును, న్యూయార్కులోని బెల్వ్యూ ఆసుపత్రి వైద్యుల పరీక్షలో నుండి ఒక సంవత్సరము మాంసాహారమే తినిరి. 1930 లో మెక్‌క్లెలను, డుబాయి అను వైద్యులు ఆ వివరములను ప్రకటించిరి. అందు రెండు సంగతులు మనకు ముఖ్యము. మొదటి వారమున వారి బరువు చప్పున తగ్గెను. అది క్రొవ్వు కాదు, శరీరమునందలి నీరు. రెండవది, ఇరువురిలో ఒకరి రక్తపుపోటు స్థిరముగా నుండెను. రెండవవాని పై అంకె సంవత్సరములో ఇరువది దిగెను. ఇన్యూట్ జనులకు ఉప్పురుచి యిష్టము లేదని స్టెఫాన్సను వ్రాసెను. ఉప్పు విడిగా అక్కఱలేకపోవుటకు కొంత కారణము లేకపోలేదు. మాంసమునందే సహజలవణములు కలవు. మాంసము నుడికించిన నీటిని వారు పాఱబోయక త్రాగుదురు. మనవారు కూరగాయ లుడికించి ఆ నీటిని వార్చి పాఱబోసి, పిమ్మట నీరసమని వగచుట వేఱు మాట.

నీరెందులకు పోయెను? ఉప్పు పోవుటచేత. ఉప్పెందులకు పోయెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో మొదటగా నెన్నదగినవాడు జేమ్సు గాంబుల్. 1923 లో ఆయన, మూర్ఛరోగమునకు చికిత్సగా ఉపవాసము చేయించిన బాలురయందు, మూత్రములో పోవు సోడియమును పొటాసియమును శ్రమపడి కొలిచెను. ఉపవాసపు తొలిదినములలో సోడియము విశేషముగా పోవుచుండెను. దానివెంట నీరు పోవుచుండెను. రెండవ ప్రపంచయుద్ధమున, ఓడలు మునిగి చిన్నపడవలలో సముద్రముపై చిక్కిన నావికులకు ఏమి యాహారము ఉంచవలెనను ప్రశ్న వచ్చినది. త్రాగునీరు మితము; ప్రాణము నిలువవలెను. గాంబుల్ పరీక్షించి, దినమునకు నూఱు గ్రాముల చక్కెర తిన్నచో శరీరమునుండి పోవు నీరు గణనీయముగా తగ్గునని కనుగొనెను. చుట్టును ఉప్పునీరు, నోటిలో చక్కెర. శరీరములోని ఉప్పును నీటిని కాపాడునది ఆ చక్కెర! కథలలోగూడ ఇంత చమత్కారము అరుదు.

ఉపవాసమునకును ఉప్పునకును గల ఈ బంధమును మన దేశమున అనుభవముచే నెఱిగినవారు కలరు. 1932 లో గాంధీమహాత్ముడు యెరవాడ చెఱసాలలో నిరశనవ్రతము పూనబోవుచు బ్రిటిషు ప్రధానికి వ్రాసిన లేఖలో, నీరు తప్ప ఆహారమేదియు తీసికొననని చెప్పి, ఆ నీటిలో ఉప్పును సోడాను మాత్రము మినహాయించుకొనెను. రెండేండ్లకు ముందు ఏ ఉప్పునకై దండియాత్ర చేసెనో ఆ యుప్పే! లంఖణము పరమౌషధమని మనవారు చెప్పుదురు. ఆ ఔషధమునకు అనుపానముగా చిటికెడు ఉప్పు వలయునని ఆయనకు తెలియును.

ముడి విప్పినది 1962 లో. అమెరికా వైద్యుడు బ్లూము, ఉపవాసమున వెలికి పోవుచున్న ఉప్పు పిండిపదార్థము తినగనే నిలిచిపోవుటను చూపెను. మాంసముగాని క్రొవ్వుగాని అట్లు నిలుపలేవు. 1975 లో డిఫ్రాంజో మొదలగువారు ఆ పని చేయించునది ఇన్సులిను అని మనుష్యులయందు రుజువుచేసిరి.

దీనిని మన పొలముభాషలో చెప్పెదను. మూత్రపిండములు రోజునకు సుమారు 180 లీటర్ల ద్రవమును వడగట్టును. అందులో కరగియున్న ఉప్పు కిలోన్నరకు తక్కువ కాదు. అంతయు పోయినచో మనుష్యుడు పూటకైనను బ్రదుకడు గనుక, దాదాపు అంతయు మరల రక్తములోనికి తోడివేయబడును. కాలువ తలుపుకడ లస్కరు ఉన్నట్లు, ఇచ్చట ఇన్సులిను ఒక లస్కరు. మనము అన్నము తినినప్పుడు రక్తములో చక్కెర పెరుగును. దానికై ఇన్సులిను వచ్చును. వచ్చి చక్కెరపని చూచుచునే ఉప్పుతలుపును కూడ బిగించును. అన్నము మానినప్పుడు లస్కరు పలుచబడును. తలుపు వ్రేలెడు సందు వదులగును. కిలోన్నర ప్రవాహములో వ్రేలెడు సందు అనగా రోజునకు కొన్ని గ్రాముల ఉప్పు. అదియును గాక, కండలలోను కాలేయమునందును నిలువయున్న పిండిపదార్థము ప్రతిగ్రామును సుమారు మూడు గ్రాముల నీటిని పట్టియుంచును. ఆ నిలువ తఱుగగా ఆ నీరును పోవును. మొదటివారము మూడునాలుగు పౌనులు తగ్గినామని మనవారు సంబరపడు తగ్గుదల చాలవఱకు ఇదియే.

ఇప్పుడు నేను ముందు జ్ఞాపకముంచుకొను డన్న మాటకు వత్తము. అన్నము మానినవాడు ఆవకాయను దేనిలో కలుపుకొనును? పప్పు, చారు దేనిమీద పోసికొనును? బండి ఆగినది గనుక సరకును ఆగినది. ఒకవంక తలుపు వదులై ఉప్పు వెలికి పోవుచున్నది. మఱియొకవంక రావలసినది రాకున్నది. పోటు హెచ్చుగా నుండి మందు లేనివానికి ఇది కొంతవఱకు మేలే. పోటు సహజముగా తక్కువయైనవానికి తల తిరుగును. మాత్రలు మ్రింగుచున్నవాని సంగతి యింకను చూడవలసియున్నది.

1958 లో క్లోరోథయజైడు అను మాత్ర అంగడికి వచ్చినది. దానిజాతి మాత్రలను మనవారు నీటిమాత్రలందురు. అవి చేయుపని మూత్రపిండములచేత ఉప్పును వెలికి పంపించుటయే. ఇది వచ్చిన పిమ్మట కెంప్నరు చప్పిడియన్నమును అడుగువారు తగ్గిరి. రోగులను నిందింపరాదు, ఏండ్లతరబడి ఉప్పులేని యన్నము తినుటకంటె మాత్ర మ్రింగుట తేలిక. చూడుడు, అన్నము మానుట చేయుపనియు నీటిమాత్ర చేయుపనియు ఒక్కటే. రెండును ఒకేసారి చేసిన, ఒకే తలుపును ఇరువురు ఎత్తినట్లగును.

మా గ్రామమున ఒక పెద్దరైతు, డెబ్బదికి దగ్గఱివాడు, రెండు పోటుమాత్రలు వాడుచు అన్నము మానెను. పట్టుదల గల మనిషి. ఉప్పును చెడ్డదని దానినిగూడ మానెను. రెండవవారమున దొడ్డిలో నిలుచుండియే కూలెను. తుంటియెముక విఱుగలేదు, అది పూర్వజన్మసుకృతము. పట్టణమున వైద్యుడు కూర్చుండబెట్టి ఒకసారి, నిలువబెట్టి ఒకసారి పోటు కొలిచెను. నిలిచినప్పుడు పై అంకె తొంబదికి లోపు. ఏమి తినుచున్నారని అడిగి, సంగతి విని, ఒక మాత్రను నిలిపి, రెండవదానిని సగము చేసి, రక్తములో సోడియము, పొటాసియము, క్రియాటినిను పరీక్షింపించెను. వారము దినములలో ఆయన మరల గట్టుపై నడచెను. పథ్యము మానలేదు. ఎత్తినవారిలో నొకరిని వైద్యుడు తలుపువద్దనుండి తొలగించెను, అంతే.

సోడియము నొక్కదానిని చెప్పి విడిచిన కథ సగమే యగును. శరీరమునందు ఉప్పు కొఱవడినప్పుడు ఆల్డోస్టిరోను అను స్రావము పుట్టి, సోడియమును నిలుపుటకు ప్రయత్నించును. దీనిని 1953 లో గుర్తించిరి. అది ఉచితముగా నిలుపదు; బదులుగా పొటాసియమును వెలికి వదలును. పొటాసియము కండలకును గుండెకును ప్రాణాధారము. ఇచ్చటి లెక్క తప్పినచో నష్టమెంతయో 1977 లో అమెరికా చూచినది. అంతకు ముందటి యేట రాబర్టు లిన్ అను వైద్యుడు వ్రాసిన పుస్తకము ప్రచారములోనికి వచ్చి, చర్మములు స్నాయువులు మొదలగువానినుండి తీసిన ద్రవ మాంసకృత్తులను మాత్రమే త్రాగుచు, దినమునకు నాలుగువందల కేలరీలు మించని యాహారముతో లక్షలకొలది జనులు బరువు తగ్గజొచ్చిరి. వారిలో అఱువదిమంది వఱకు మరణించినట్లు ప్రభుత్వమునకు తెలియవచ్చినది. పెక్కండ్ర గుండె లయతప్పి ఆగినది. ఆ మాంసకృత్తులు నాసిరకమగుటయు, పొటాసియము మొదలగు లవణములు చాలకపోవుటయు కారణములుగా నెన్నబడినవి. బరువు తగ్గుచున్నదని తక్కెడ చూచుకొని సంతసించుచుండగనే వారిలో కొందఱు పోయిరి.

దీనికి ఎదురుగా 1983 లో స్టీఫెను ఫిన్నీ అను వైద్యుడు అయిదుగురు సైకిలు పందెగాండ్రకు నాలుగువారములు పిండిపదార్థములు దాదాపు లేని యాహార మిచ్చెను. దానితో సోడియమును పొటాసియమును కొలిచి చేర్చెను. వారి సత్తువ తఱుగలేదు. మనుష్యులు అయిదుగురే గనుక దీనిపై మేడలు కట్టరాదు. కాని అన్నము మానిన పిమ్మట వచ్చు నీరసము అన్నములేమిచేతనే యని తలచువారు, అందులో ఉప్పులేమి పాలు ఎంతయో ముందు విచారింపవలెను.

అట్లని నేనిట్లు చెప్పితినని రేపటినుండి ఉప్పు గుప్పెడు మ్రింగరాదు. రోజునకు అయిదు గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచారోగ్యసంస్థ చెప్పుచున్నది. మనము తినునది అంతకు మించియే యుండును గనుక ఆ మాట మనలో ఎక్కువమందికి వర్తించును. అన్నము మానినవానికి మాత్రము, తల తిరుగుచు పోటు తక్కువగా నున్నచో, ఉప్పువేసిన మజ్జిగయో పులుసునీరో మాంసరసమో అవసరము కావచ్చును. గుండె బలహీనతగాని, కాళ్లవాపుగాని, మూత్రపిండముల వ్యాధిగాని గలవారు ఇదియైనను వైద్యుని యడుగక చేయరాదు.

పొటాసియమునకు తోటకూర, పాలకూర, కొబ్బరినీరు మంచివి. కొబ్బరినీటిలో కొంత చక్కెర కలదని మధుమేహులు గుర్తుంచుకొనవలెను. 2021 లో చైనాదేశపు 600 పల్లెలలో ఇరువదివేలకు పైబడిన జనులపై జరిగిన పరీక్ష యొకటి పల్లెవాసులమైన మనము వినదగినది. ఆ పల్లెలలో సగమువారికి మామూలు ఉప్పు. తక్కిన సగమువారికి నాలుగవవంతు పొటాసియపు లవణము కలిపిన ఉప్పు. అయిదేండ్లలో రెండవవారియందు పక్షవాతము నూటికి పదునాలుగు పాళ్లు తగ్గెను. అట్టి ఉప్పు మన అంగళ్లలోను దొరకును. అది మంచిదే, కాని మూత్రపిండములు చెడినవారికి పొటాసియము వెలికిపోక రక్తములో పేరుకొని గుండెను ఆపగలదు. పోటుమాత్రపేరు చివర ప్రిల్ అనిగాని సార్టన్ అనిగాని ఉన్నచో, ఆ మాత్రలును పొటాసియమును నిలుపునవే గనుక, వారును రక్తపరీక్ష లేక ఆ ఉప్పు వాడరాదు. మధుమేహమునకు వాడు మాత్రపేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉన్నవారు అన్నము బొత్తిగా మానినచో, చక్కెర హెచ్చు కనబడకయే రక్తము ఆమ్లమై ప్రాణాపాయము రావచ్చును. ఇన్సులిను సూది వేసికొనువారికి చక్కెర ఆకస్మికముగా పడిపోవును. కనుక పథ్యము మొదలిడుటకు ముందే, మాత్రల చీటీ చేతబట్టుకొని వైద్యునికడకు పోయి, నేడో రేపో అన్నము మానుచున్నానని ఒక్కమాట చెప్పుడు. పిమ్మట మొదటి రెండువారములు కూర్చుండి ఒకసారి, నిలిచి ఒకసారి పోటు కొలిపించుకొని అంకెలు వ్రాసియుంచుడు.

ఇంకొక్క సంగతి. పథ్యము చేయువారు సంక్రాంతికో పెండ్లికో పులిహోర, అరిసెలు, పరమాన్నము తినుదురు. తినవలదని నేను చెప్పజాలను. మఱునాడు తక్కెడ యెక్కగా రెండుమూడు పౌనులు పెరిగియుండును. పాదములు కొంచెము ఉబ్బియుండును. ఒక్కనాటి విందున అంత క్రొవ్వు పెరుగదు. లస్కరు తిరిగివచ్చి తలుపు బిగించినాడు. ఉప్పును నీరును నిలిచినవి. నాలుగుదినములలో ఆ బరువు దానంతట అది పోవును. కాని విందు ఒక్కనాటితో ఆగక పథ్యమే విడిచి నిత్యము అన్నమునకు మరలినవారు, వైద్యుడు తగ్గించిన మాత్రలు ఇక చాలునో చాలవో తెలిసికొనుటకు మరల ఆ పాతచీటీతో వైద్యునికడకు పోవలెను. ఉప్పుతోపాటు పోటును మెల్లగా తిరిగివచ్చును. అది వచ్చునపుడు తల తిరుగదు, పిక్క పట్టదు, ఏ గుర్తును కనబడదు.